మా అక్క మోకాళ్ళ నూనె

మోకాళ్ళ నొప్పికి చిట్కా దొరుకుతుందని ఈ పేజీ తెరిచినవాళ్ళు నన్ను మన్నించాలి. నా మోకాళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. మా అక్క మోకాళ్ళు కూడా నిక్షేపంగా ఉన్నాయని నాకు మొన్న ఆషాఢంలో తెలిసింది. ఆ సంగతి తెలిసిన రోజు పడ్డ బాధ ముందు అసలు జబ్బు పెట్టిన బాధ చిన్నదే.

అసలు జబ్బు ఇదీ. నాకు యాభై ఒకటి నిండాయి. నెలసరి ఆగిపోయి రెండేళ్ళు దాటింది. ఒకటి ఆగిందని ఊపిరి పీల్చుకునేలోపు ఇంకొకటి ఆగనని మొండికేసింది. దగ్గినా, తుమ్మినా, గట్టిగా నవ్వినా, నీళ్ళ బకెట్టు ఎత్తినా బట్టల్లో మూత్రం పడిపోయేది. మొదట్లో ఒక చుక్క. తర్వాత తర్వాత చుక్కలు చూపించింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో ఏళ్ళ తరబడి తెలుగు చెబుతున్నాను. వాక్యాన్ని ఎక్కడ ఆపాలో ఎన్నో తరగతుల పిల్లలకు నేర్పాను. నా ఒంటికి మాత్రం ఆ పాఠం ఎక్కలేదు.

చదివేవాళ్ళలో నాలాంటివాళ్ళు ఉంటారని తెలుసు. వాళ్ళ కోసం కొంత, నా కోసం కొంత రాస్తున్నాను. డాక్టర్ని కాను కనుక వైద్యం చెప్పను. జరిగింది చెబుతాను.

పోయిన ఏడు సద్దుల బతుకమ్మ నుంచి మొదలుపెట్టాలి. చైతన్యపురిలో మా కాలనీ హాలు ముందున్న జాగాలో ఏటా ఆడతాం. నల్లగొండ పల్లెల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలే ఎక్కువ. కోస్తా నుంచి వచ్చినవాళ్ళు కూడా ఇప్పుడు మాతోపాటు పూలు పేరుస్తున్నారు. పాట ఎత్తుకునేది మేమిద్దరం, నేనూ మా సుగుణక్కా. అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఉండేది ఎల్బీ నగర్‌లో అయినా సద్దుల నాడు మాత్రం మా కాలనీకే వస్తుంది. అక్క ఒక చరణం అంటే నేను అందుకోవాలి, నేనంటే అక్క అందుకోవాలి. తక్కినవాళ్ళు మా వెనక అంటారు. అమ్మ పోయాక మా ఇద్దరికీ మిగిలిన ఆస్తి ఆ పాటలే. పంపకాలు అక్కర్లేని ఆస్తి.

బతుకమ్మ ఆడాలంటే వంగి, చప్పట్లు కొట్టి, లేచి, అడుగు వేయాలి. ఆ సాయంత్రం అక్క దగ్గర చరణం అందుకుని, గొంతు బాగా పైకి ఎత్తి వంగానో లేదో, కింద ఆనకట్ట తెగింది. కట్టుకున్నది ముదురు ఆకుపచ్చ పట్టుచీర కాబట్టి పరువు దక్కింది. పాట సగంలో వదిలేసి, కొంగు నడుముకు చుట్టుకుని, వెళ్ళి కుర్చీలో కూలబడ్డాను.

ఆ కుర్చీల గురించి చెప్పాలి. మా జాగా అంచున ప్లాస్టిక్ కుర్చీల వరుస ఒకటి వేస్తారు. నలభై అయిదు దాటిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే వలయం వదిలి ఆ వరుసలోకి చేరతారు. ఎందుకు కూర్చున్నారని అడిగితే అందరి జవాబూ ఒకటే, మోకాళ్ళు. అంతకు రెండేళ్ళ ముందు అక్క కూడా ఒక బతుకమ్మకి ఆ వరుసలోనే కూర్చుంది. మరుసటి ఏడు లేచి వచ్చి మళ్ళీ ఎప్పటిలాగే ఆడింది. అబ్దుల్లాపూర్‌మెట్ అవతల ఎవరో కాచి ఇచ్చే నూనె మహిమ అని అందరికీ చెప్పింది. ఆ మాట నమ్మి నేను మా స్టాఫ్‌రూములో సగం మందికి ఆ నూనె తెప్పించి పెట్టాను.

నా పక్క కుర్చీలో మా ఎదురింటి రత్నకుమారి గారు, గుంటూరు వైపు ఆవిడ, కాసేపు సేద తీరుతున్నారు.

"ఏంటి విజయగారూ, పాట మధ్యలో కూర్చుండిపోయారు?"

"మోకాలండీ. పట్టేసింది" అన్నాను. నా నోటికి కూడా అదే వచ్చింది.

అక్క వలయంలోంచే అరిచింది. "నూనె తెప్పిస్త తియ్! పదిరోజులల్ల లేడిపిల్ల లెక్క ఉరుకుతవ్."

బతుకమ్మలను సాగనంపి ఇంటికొచ్చాక, వంటింట్లో అక్కకు నిజం చెప్పాను. ఆ నిజం నేను నోరు తెరిచి చెప్పిన మొదటి మనిషి అక్కే. మా ఆయనకు కూడా అప్పటికి చెప్పలేదు.

"మోకాలు కాదక్కా. పాట ఎత్తుకునేసరికి ఒంటికి పోయింది. దగ్గితే పోతుంది, నవ్వితే పోతుంది. బడిల భయమైతుంది" అంటూ ఏడ్చేశాను.

అక్క నేల చూస్తూ నిలబడింది. నా మీద జాలి అనుకున్నాను.

"ఈ వయసుకు అందరికి గింతే చెల్లె" అంది చివరికి. "అమ్మకు లేకుండెనా? ఎవలికన్న చెప్పిందా? ఓర్చుకోవాలె. నీళ్ళు జర తక్కువ తాగు. బడికి పోయేటప్పుడైతే అసలే తాగకు."

అమ్మ తర్వాత అమ్మ చెప్పిన మాట. తు.చ. తప్పకుండా పాటించాను.

ఆ చలికాలం నాకు దగ్గు పట్టుకుంది. దగ్గు వచ్చేటప్పుడు కాళ్ళు మెలివేసి, బల్ల అంచు పట్టుకుని నిలబడేదాన్ని. "టీచర్‌కి కోపమొచ్చింది" అని పిల్లలు గప్‌చుప్ అయ్యేవాళ్ళు. క్రమశిక్షణకు అది బాగానే పనికొచ్చింది. సంచిలో ఒక చీర, ఒక లంగా, ఒక ప్లాస్టిక్ కవరు ఎప్పుడూ ఉండేవి. తడి చెత్త, పొడి చెత్త వేరుచేయమని మైకు పెట్టుకుని బండి వచ్చినప్పుడల్లా నన్నే అంటున్నట్టు ఉండేది. దిల్‌సుఖ్‌నగర్ అంటే మనసుకు సుఖమిచ్చే ఊరని కదా అర్థం. మనసు దాటి కాస్త కిందికి దిగితే ఆ సుఖం లేదు. అక్క ఇంటికి వెళ్ళేటప్పుడు ఎల్బీ అంటే లీకు బాధలని నాలో నేనే అనుకుని నవ్వుకునేదాన్ని. గట్టిగా కాదు, గట్టిగా నవ్వితే మళ్ళీ అదే బాధ.

నవ్వు తగ్గించడమే నాకు అన్నిటికన్నా కష్టమైంది. పెళ్ళిళ్ళకు పోవడం మానేశాను. స్టాఫ్‌రూములో నా కుర్చీని తలుపు దగ్గరికి జరుపుకున్నాను. ఎవరైనా నా వెనక నడుస్తుంటే వాసన వస్తోందేమో అని పక్కకు జరిగి దారిచ్చేదాన్ని. ఇవన్నీ కూడా ఓర్చుకున్నాను. రాబోయే బతుకమ్మకి పాట ఎలా ఎత్తుకోవాలి అన్నది మాత్రం ఓర్చుకోలేకపోయాను. వలయంలో అక్క ఎదురుగా నిలబడి ఆ పాట అందుకోవడం నాకు వదిలేయగలిగే పని కాదు. మళ్ళీ కుర్చీలో కూర్చుంటే ఇక లేవనని నాకు తెలుసు.

మా ఆయన పండ్ల మార్కెట్టులో కమీషన్ వ్యాపారం చేస్తాడు. మార్కెట్టు బాటసింగారానికి తరలిపోయినప్పటి నుంచి తెల్లారకముందే వెళ్ళిపోతాడు. ఆయనకు నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. ఒకరోజు చూస్తే మా స్కూటర్ వెనక సీటుకు మందపాటి తువాలు కట్టి ఉంది.

"ఇదేందిది?" అన్నాను.

"ఎండకు సీటు కాల్తుంది గద" అన్నాడు, బండి తుడుచుకుంటూ, నా మొహం చూడకుండా.

అప్పుడు జనవరి. పొద్దున పూట మంచు ఇంకా తేరలేదు. ఆ అబద్ధానికి నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. అబద్ధాల్లో కూడా రకాలుంటాయని ఆ తర్వాత ఇంకా బాగా తెలిసింది.

మే ఎండల్లో అక్క మాట ఫలితం చూపించింది. నీళ్ళు మానేసి మానేసి, ఒకరోజు మూత్రం మంటతో మొదలై, సాయంత్రానికి చలిజ్వరం పట్టుకుంది. రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. మా ఆయన కొత్తపేటలో ఒక చిన్న దవాఖానకి తీసుకెళ్ళాడు.

వెయిటింగ్ హాల్లో టీవీ మోగుతోంది. ఆడవాళ్ళం పన్నెండు మంది దాకా ఉన్నాం. కొత్తగా కడుపుతో ఉన్న పిల్లలు మధ్య వరుసలో, మా వయసువాళ్ళు బాత్రూమ్ పక్కనున్న బెంచీ మీద. ఎవరూ ఎవరితో చెప్పుకోకుండానే ఆ ఏర్పాటు జరిగిపోయింది. నేను అరగంటకోసారి లేవాలి, లేస్తే నంబరు పోతుందని భయం. అక్కడి ఆయమ్మ అది కనిపెట్టింది.

"పోయిరా అమ్మా. నీ నంబరు పిలిస్తె నేను ఆపుత" అంది.

ఆపుతాననే మనిషి దొరికినందుకు ఆమె చేయి పట్టుకుని కూర్చోబుద్ధి అయింది.

డాక్టరమ్మ విజయవాడ వైపు మనిషి, అరవైకి దగ్గర్లో ఉంటారు. జ్వరం చూసి, మూత్రం పరీక్షకు, షుగర్ పరీక్షకు రాసి, కళ్ళజోడు పైనుంచి చూశారు.

"నీళ్ళు సరిగ్గా తాగట్లేదా అమ్మా?"

"తాగితే పోతుందండీ."

"ఏది పోతుంది? దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు పడుతోందా?"

ఏడెనిమిది నెలలు నేను దాచుకున్నదాన్ని ఆవిడ అన్నం తిన్నావా అన్నంత తేలిగ్గా అడిగేశారు. తల ఊపాను.

"మరి నీళ్ళు మానేయమని ఎవరు చెప్పారమ్మా నీకు?"

"మా అక్క."

"మీ అక్క డాక్టరా?"

"కాదండీ. ఎల్బీ నగర్."

డాక్టరమ్మ ఫక్కున నవ్వారు. జ్వరంలో ఉండి కూడా నేనూ నవ్వాను, అనుభవించాను.

జ్వరం తగ్గాక మళ్ళీ రమ్మని, పరీక్ష చేసి, నిదానంగా చెప్పారు. నెలసరి ఆగాక ఒంట్లో ఒక హార్మోన్ తగ్గిపోతుందట, దాంతో కింద చర్మం పలచబడి ఎండిపోతుందట. అక్కడికక్కడ పెట్టుకునే ఈస్ట్రోజెన్ క్రీమ్ రాశారు. మొదట రెండు వారాలు రోజూ పడుకునే ముందు, తర్వాత వారానికి రెండుసార్లు. దాంతోపాటు మూత్రం ఆపుకునే కండరాలను బిగించి వదిలే వ్యాయామం.

"క్రీమ్ ఒక్కదానితోనే మొత్తం ఆగిపోతుందని చెప్పనమ్మా. ఎండిపోయినచోటు బాగుపడుతుంది, మంట తగ్గుతుంది, మాటిమాటికీ పరిగెత్తడం తగ్గుతుంది. దగ్గితే పడడానికి అసలు మందు ఆ వ్యాయామం. రెండూ కలిపి మూడు నెలలు చెయ్యి. వారంలో తగ్గలేదని నా మీద అలగకు."

ట్యూబు, దానితోపాటు ఇంజెక్షన్‌లాగా ఉండే సూది లేని సన్నటి తెల్లటి గొట్టం ఇంటికి తెచ్చుకున్నాను. టీచర్ని కదా, పెట్టెలో ఉన్న కాగితం మొత్తం చదివాను. అందులో కాన్సర్ అనే మాట కనబడింది. గుండె జారిపోయింది. ఏదైనా జారకుండా ఉండటమే నాకు రాదు.

ఆ భయంలో నేను ఫోన్ చేసింది ఎవరికో మీకు తెలుసు.

"అక్కా, డాక్టరమ్మ హార్మోన్ క్రీమ్ రాసింది. పెట్టుకోవాల్నా, ఒద్దా? నువ్వెక్కడన్న విన్నవా?"

అవతల అక్క గొంతు తగ్గించింది.

"నాకేం ఎరుక చెల్లె" అంది అక్క. "హార్మోన్లంటె మంచిగుండయంటరు. నీ ఇష్టం మరి."

ట్యూబు బీరువాలో చీరల కిందికి పోయింది. జూన్‌లో బడి తెరిచారు. నేను మళ్ళీ బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను.

ఆషాఢంలో బోనాలకని అక్క పిలిచింది. వెళ్ళేసరికి ముందుగదిలో బావ చిన్న పీట వేసుకుని కింద కూర్చుని ఉన్నాడు. అక్క కుర్చీలో. పక్కన ఆ నూనె సీసా. బావ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. మాట కరుకు. ఇంట్లో మంచినీళ్ళు కూడా ముంచుకుని తాగిన మనిషి కాదు. అలాంటి మనిషి అరచేతిలో నూనె వేసుకుని అక్క మోకాలి చుట్టూ మెల్లగా రుద్దుతున్నాడు.

"రా విజయా. గీ డ్యూటీ అయినంక మాట్లాడుకుందాం" అన్నాడు, నవ్వుతూ.

నాకు ముచ్చటేసింది. ఆ మాట ఒప్పుకోవాలి.

భోజనాలయ్యాక నా అవసరం నన్ను లోపలి బాత్రూమ్‌కి తరిమింది. దాని కిటికీ గట్టు మీద ఒక స్టీలు గ్లాసు ఉంది. అందులో కడిగి, బోర్లించి, ఆరబెట్టిన సన్నటి తెల్లటి గొట్టం. సూది లేని ఇంజెక్షన్ లాంటిది.

ఏప్రిల్‌లో చూసి ఉంటే అదేమిటో నాకు తెలిసేది కాదు. ఇప్పుడు చూడగానే తెలిసింది. దాని తోబుట్టువు నా బీరువాలో ఉంది.

వంటింట్లోకి వచ్చేసరికి అక్క గిన్నెలు సర్దుతోంది.

"అక్కా, కిటికీల గ్లాసుల ఉన్నదేంది?"

"ఏ గ్లాసు?"

"బోర్లించి ఆరబెట్టినవ్ గద."

అక్క చేతులు ఆగిపోయాయి. "అది మందుది."

"ఏ మందు? మోకాళ్ళదా?"

అక్క సద్దుల నాడు చూసినట్టే నేలచూపులు చూసింది. అప్పుడు జాలి అనుకున్న చూపు ఇదే. మనిషి పట్టుబడ్డప్పుడు చూసే చూపు.

"ఎప్పటి సంది అక్కా?"

"కుర్చీల కూసున్న యాడాది సంది."

"అంటే మోకాళ్ళు?"

"ఏడి మోకాళ్ళు. మంచిగనే ఉన్నయి."

"మరి నేను నీ ముందట ఏడ్చిననాడు?"

"జర మెల్లగ చెల్లె. బావ వింటడు."

"నీళ్ళు తాగకన్నవ్. చలిజ్వరం వచ్చి పడిపోయిన. ఫోన్‌జేసి పెట్టుకోవాల్నా ఒద్దా అని అడిగిన. నువ్వు పెట్టుకుంటనే నాకేం ఎరుక అన్నవ్."

"నీకు చెప్తె ఆగుతదా? నువ్వు దానిమీద కూడ ఒక జోకు ఏస్తవ్."

"నా జోకులన్ని నా మీదనే ఏసుకుంట అక్కా. నీ మీద ఎన్నడన్న ఏసిన్నా?"

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందుగదిలో టీవీ మోగుతోంది. నాకు మాత్రమే వినబడేంత గొంతుతో అంది.

"కాపురానికి వచ్చిన కాడికెల్లి ఈ మనిషి నాకు కాలు నొస్తుందా, చెయ్యి నొస్తుందా అని అడగలే చెల్లె. మోకాళ్ళని చెప్పిననాడు పీట ఏసుకోని కూసుండి నూనె పెట్టిండు. రోజు పెడ్తుండు. ఆపితె మళ్ళొస్తదని చెప్పిన. ఇప్పుడు పోయి, అవి మోకాళ్ళు కావు, గిది అని ఎట్ల చెప్పాలె? నీకు చెప్తె నువ్వు మీ ఆయనకు చెప్తవ్. ఆయన బావకు చెప్తడు."

నాకు జాలి కలిగింది. కోపం ఆ జాలికి కాస్త జరిగి చోటిచ్చిందంతే, లేచి మాత్రం పోలేదు. బావ చేతులు అక్క మోకాళ్ళ మీద నిలవాలంటే నా ఒళ్ళు జ్వరంతో కాలిపోవాలా? అక్కకు బావ నూనె పట్టిస్తున్నాడు, అక్క నన్ను పట్టించుకోలేదు. ఇంటికి తీసుకెళ్ళమని అక్క సర్దిన డబ్బా అక్కడే వదిలేసి మెట్రో ఎక్కాను. కిటికీ పక్కన కూర్చుని ఏడుస్తుంటే ఎదురుగా ఉన్న అమ్మాయి తన సీసాలోని నీళ్ళు ఇచ్చింది. నెలల తర్వాత మొదటిసారి కడుపునిండా నీళ్ళు తాగాను. కసిగా తాగాను.

నన్ను ఇంతగా పొడిచింది ఏమిటా అని ఆ తర్వాత చాలా ఆలోచించాను. నా ఒళ్ళు నన్ను మోసం చేసింది, దాని వయసు దానికి వచ్చింది, సరే. అమ్మ చెప్పలేదు, ఆమెకు చెప్పడానికి మాట కూడా లేదు. అక్కకు మాట తెలుసు, మందు తెలుసు, అది పని చేస్తుందని ఒంటికి తెలుసు. అన్నీ తెలిసిన నోటితో 'నాకేం ఎరుక' అంది. నాకూ తనకూ మధ్య పాట ఒక్కటే నిజమని అనుకుంటూ వచ్చాను. ఆ పాట పాడిన గొంతే ఆ మాట అంది.

మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. కాగితంలో చదివిన మాట చెప్పాను.

"ఆ హెచ్చరికలు ఎక్కువగా మింగే హార్మోన్ మాత్రల సంగతి చూసి రాసినవమ్మా. ఇది పెట్టినచోటే పని చేస్తుంది, ఒంట్లోకి వెళ్ళేది చాలా తక్కువ. రొమ్ము కాన్సర్ వచ్చినవాళ్ళయితే ముందు ఆ డాక్టర్ని కూడా అడగాలి. నెలసరి ఆగిపోయాక ఎప్పుడైనా మళ్ళీ రక్తం కనబడితే వెంటనే రావాలి. నీకు భయమేస్తే నన్ను అడగాలి గానీ" అని కాసేపు ఆగారు, "ఎల్బీ నగర్‌ని కాదు."

ఆ రోజే మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన స్కూటర్ సీటు చూస్తూ విన్నాడు. "నాకు చలికాలంలనే సమజైంది. నువ్వు చెప్తవని చూసిన" అన్నాడు. చూసిన మనిషి అడగొచ్చు కదా అని నాకు కోపమొచ్చింది. ఆ తువాలు గుర్తొచ్చి ఊరుకున్నాను.

మొదటి వారాల్లో ఏమీ మారలేదు. కొంచెం మంట కూడా అనిపించింది. ఇది కూడా నూనె లాంటిదేనేమో అని అనుమానపడ్డాను. వ్యాయామం మాత్రం బాగా కుదిరింది. ఎక్కడైనా చేసుకోవచ్చు, ఎవరికీ తెలియదు. పిల్లలు పద్యం అప్పజెబుతుంటే నేను బిగించి వదులుతూ ఉండేదాన్ని. వాళ్ళు యతి దగ్గర ఆగేవాళ్ళు, నేనూ ఆగేదాన్ని. శ్రావణం దాటాక ఒకరోజు గట్టిగా తుమ్మాను. అలవాటు కొద్దీ కాళ్ళు మెలివేసి ఎదురుచూశాను. ఏమీ జరగలేదు. బ్లాక్‌బోర్డు వైపు తిరిగి, పిల్లలకు కనబడకుండా, కళ్ళు తుడుచుకున్నాను.

పూర్తిగా పోయిందని చెప్పను. పకపకా నవ్వితే ఇప్పటికీ ఒక చుక్క. అది ఒక చుక్క, అంతే. చుక్కలు చూపించడం లేదు.

అక్క రోజూ ఫోన్ చేసేది. నేను ఎత్తి, బాగున్నానని చెప్పి పెట్టేసేదాన్ని.

మళ్ళీ సద్దులు వచ్చాయి. అక్క వస్తుందా రాదా అనుకుంటూనే పూలు పేర్చాను. వచ్చింది. వెనకాల బావ, చేతిలో సంచి. ఆట అయ్యాక అక్క మోకాళ్ళు పట్టేస్తాయని అందులో నూనె సీసా కూడా తెచ్చి ఉంటాడు. అక్కా నేనూ ఒకరినొకరం చూసుకున్నాం, మాట్లాడుకోలేదు. వలయం ఇంకా కట్టలేదు. కుర్చీల వరుసలో రత్నకుమారి గారు ముందే వచ్చి కూర్చుని ఉన్నారు. ఈసారి సేద తీరడానికి కాదు, ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకున్న తీరు నాకు తెలిసిన తీరే.

"మీరు ఆడరా?" అని పక్కన కూర్చున్నాను.

"మోకాళ్ళండీ విజయగారూ. ఈ ఏడాది అసలు వంగలేకపోతున్నా."

"పోయినేడు నేను కూడా మీతో అదే అన్నాను. గుర్తుందా? అబద్ధమండీ."

"అదేంటి?"

"పాట ఎత్తుకుని వంగితే చీర తడిసింది. అందుకని కూర్చున్నాను. మరి మీకు దగ్గినప్పుడు కూడా మోకాళ్ళేనా?"

ఆమె అటూ ఇటూ చూశారు. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"తుమ్మినప్పుడు కూడానండీ" అన్నారు, వినీ వినబడకుండా.

అంతలో అక్క, వెనకాలే బావ, మా దగ్గరికి వచ్చారు. రత్నకుమారి గారు చప్పున మొహం మార్చేసి, గొంతు పెంచి అన్నారు. "సుగుణగారూ, మీ నూనె నాకు కూడా ఒక సీసా తెప్పించరూ?"

బావ మొహం వెలిగిపోయింది. సంచిలో చెయ్యి పెట్టాడు. అక్క బావను చూసింది, నన్ను చూసింది. నేను సాయం చెయ్యలేదు. జోకు కూడా వెయ్యలేదు. ఊరికే చూశాను.

"ఆ నూనె మోకాళ్ళకైతెనే పనిజేస్తదమ్మా" అంది అక్క. "మనకొచ్చేదానికి ముట్టదు. దానికి వేరే మందుంది, డాక్టరు రాస్తది. నేను మూడేండ్ల సంది వాడుతున్న. మా చెల్లెను అడుగు, మంచిగ చెప్తది."

"ఏ మందే?" అన్నాడు బావ, సీసా చేతిలో పట్టుకుని.

"ఇంటికి పోయినంక చెప్త."

ఇంకేమీ అనకుండా అక్క వలయంలోకి నడిచింది. నేను లేచి వెళ్ళి ఎప్పటిలాగే ఎదురుగా నిలబడ్డాను. నేనింకా మన్నించలేదు. ఆ మాట అక్కకు తెలుసు, ఇది చదివితే ఇంకా బాగా తెలుస్తుంది. అక్క వంగి, చప్పట్లు కొట్టి, చరణం ఎత్తుకుంది. చరణం చివర ఆగి నన్ను చూసింది. ఏటా ఆ చోట ఊపిరి కూడా తీసుకోకుండా అందుకుంటాను. ఈసారి కాసేపు ఆపాను. ఆపగలనని అక్కకు తెలియాలి కదా.

తర్వాత అందుకున్నాను.